మల్గీలు, మెట్లు, డాబా తలుపు: నల్గొండలో మా బిల్డింగు భద్రత పనుల డైరీ

మాది నల్గొండ రామగిరి వైపు ఒక గల్లీలో 167 గజాల స్థలంలో కట్టిన బిల్డింగు. కింద రెండు మల్గీలు, ఒకదాంట్లో నా మోటార్ వైండింగ్ షాపు, పక్కదాంట్లో కిరాణా. మొదటి అంతస్తులో మేము, దానిపైన అద్దెకు ఒక టీచర్ గారి కుటుంబం. కింద దుకాణం, పైన ఇల్లు ఉండే ఇట్లాంటి బిల్డింగులు మన పట్టణాల్లో గల్లీకి పది ఉంటాయి కానీ వాటికి ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అని చెప్పేవాళ్లు దొరకలేదు. నేను డబ్బు తప్పు వరుసలో ఖర్చు పెట్టాను. ఇంకొకరు అట్ల పెట్టకూడదని కొలతలు, బిల్లులు, రెండోసారి చేయించిన పనులు అన్నీ రాస్తున్నా.

జరిగింది రెండు ముక్కల్లో: అమావాస్య నిద్రకు ఇంటిల్లిపాదీ చెరువుగట్టు రామలింగేశ్వరస్వామి గుట్టకు పోయాం. తెల్లారి వచ్చేసరికి నా షట్టర్ మధ్యలో పైకి వంగి ఉంది. 38 కిలోల రాగి పోయింది, కాలిన మోటార్ల నుంచి తీసిన పాత తీగ కొంత, రెండు కొత్త రీళ్లు. రిపేరుకు వచ్చిన రైతుల మోటార్లు ఆరు లోపలే ఉన్నాయి, బహుశా బరువని వదిలేసి ఉంటారు. నాట్ల టైములో అవి పోయి ఉంటే ఆ ఆరుగురికి ఏం జవాబు చెప్పేవాణ్ణో ఇప్పటికీ తలచుకుంటే గుండె దడ పుడుతుంది.

దశ 1: కెమెరాలు. ముందు చేయకూడని పని ముందు చేశాను

దొంగతనం జరిగిన నాలుగో రోజే కెమెరాలు పెట్టించాను.

- 2 మెగాపిక్సెల్ కెమెరాలు 4 × 1,450 = 5,800
- 4 ఛానెళ్ల డీవీఆర్ (కెమెరాల బొమ్మలు దాచే రికార్డింగు డబ్బా) 3,400
- 1 టీబీ డిస్కు 3,900
- 90 మీటర్ల కేబుల్ కట్ట 1,500
- 12 వోల్టుల పవర్ సప్లై 750
- ఫిట్టింగు కూలి 2,400

ఇప్పటివరకు మొత్తం: రూ. 17,750

ఆ రోజు షట్టర్‌ను సుత్తితో కొట్టి సాపు చేసి అదే తాళం మళ్లీ వేశాను. అంటే ఎట్ల లోపలికి వచ్చారో ఆ దారి అట్లే ఉంది, చూడటానికి మాత్రం 17 వేలు పెట్టాను. ఈ సంగతి నాకు మూడు వారాల తర్వాత గానీ తట్టలేదు, ఎందుకంటే ఆ మూడు వారాలూ కెమెరాలు సరిచేయడంలోనే పోయాయి.

దశ 2: కెమెరాల మరమ్మతు, మూడు వారాలు

*రాత్రి కాగానే ఆగిపోయే కెమెరా.* డాబా మీది కెమెరా పగలంతా బాగుండేది, చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే తెర నల్లబడేది, కాసేపటికి వచ్చేది, మళ్లీ పోయేది. ఫిట్టింగు చేసినాయన కెమెరానే పోయిందని కొత్తది తెచ్చాడు, అదీ అంతే. అప్పుడు నేనే మల్టీమీటర్ పట్టుకొని డాబా ఎక్కాను. కెమెరా పిన్ను దగ్గర పగలు 11.1 వోల్టులు, రాత్రి 9.3. కింద పవర్ సప్లై దగ్గర ఎప్పుడు చూసినా 12.1. అంటే మధ్యలో వైరు తింటోంది. డాబా దాకా 40 మీటర్లు, పోను రాను 80 మీటర్లు. ఆ కేబుల్ లోపల పవర్ తీగ వెంట్రుకల్లాంటి నాలుగు పోగులు, మైక్రోమీటర్‌తో కొలిచి లెక్క వేస్తే 0.2 చదరపు మి.మీ. దగ్గర తేలింది. అంత సన్నటి రాగికి 80 మీటర్ల మీద దాదాపు 7 ఓముల నిరోధం ఉంటుంది. పగలు కెమెరా తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ఒక వోల్టే పడిపోయేది, రాత్రి 0.4 ఆంపియర్లు లాగితే 2.8 వోల్టులు పోయేవి. రోజూ బోరు మోటార్లకు సన్న కేబుల్ వేసి కాల్చుకున్న రైతులకు నేను చెప్పే లెక్కే ఇది. పవర్‌కు విడిగా 1 చదరపు మి.మీ. రెండు పోగుల వైరు లాగాను, ఇప్పుడు రాత్రి 11.5 ఉంటోంది. పాత కేబుల్ వీడియో సిగ్నల్‌కు మాత్రం వాడుతున్నా.

*ముఖం కనిపించని కెమెరా.* ముందు రోడ్డు వైపు పెట్టిన కెమెరాకు 2.8 ఎంఎం లెన్సు. గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తుందని సంబరపడ్డాను. సరిగ్గా అందుకే ఏదీ కనిపించదు. పరీక్ష ఇట్ల చేశాను: మా బామ్మర్దిని మీటరు పొడవు కర్ర అడ్డంగా పట్టుకొని 12 మీటర్ల దూరంలో, అంటే గల్లీ మలుపు దగ్గర, నిలబడమన్నాను. స్క్రీన్‌షాట్ తీసి ఆ కర్ర ఎన్ని పిక్సెల్స్ ఉందో చూస్తే 66. తెలిసిన మనిషిని గుర్తుపట్టాలంటే మీటరుకు 125 పిక్సెల్స్ ఉండాలని, తెలియని మనిషి ముఖం రూఢిగా పోల్చుకోవాలంటే 250 కావాలని కెమెరాల అంతర్జాతీయ ప్రమాణాల్లో లెక్క ఉంది. నా 66కు వచ్చింది మగో ఆడో చెప్పొచ్చు, అంతే. ఆ కెమెరా తిరిగి ఇచ్చి 6 ఎంఎం లెన్సుది తీసుకున్నాను. అదే చోట అదే కర్ర 157 వచ్చింది. వెడల్పు తగ్గింది, గల్లీ సగమే కనిపిస్తుంది, కానీ ఆ సగంలో నుంచి పోకుండా ఎవరూ మా షట్టర్ దగ్గరికి రాలేరు.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. మొదట 11 అడుగుల మీద బిగించారు. టోపీ పెట్టుకున్నవాడి టోపీయే కనిపిస్తుంది. 8.5 అడుగులకు దించి, చేతికి అందకుండా చుట్టూ చిన్న ఇనుప బోను వెల్డింగ్ చేయించాను.

*మంచులాంటి తెర.* మెట్ల కెమెరా తెల్ల సున్నం గోడకు ఆనుకొని ఉండటం వల్ల ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు గోడకు కొట్టి వెనక్కి వచ్చేది, బొమ్మంతా తెలుపు. అడుగు ముందుకు జరిపితే పోయింది. దానికి తోడు ఆ వెలుతురుకు పురుగులు, పురుగుల కోసం సాలెపురుగులు. వారానికి ఒకసారి పొడి గుడ్డ కట్టిన కర్రతో గూళ్లు దులపడం తప్ప దీనికి నాకు వేరే ఉపాయం దొరకలేదు. ఆదివారం పనుల్లో కలిపేశాను.

*డీవీఆర్ ఎక్కడ పెట్టాలి.* ఫిట్టింగు సులువని నా షాపు కౌంటర్ కింద పెట్టారు. దొంగ వచ్చే చోటే రికార్డింగు డబ్బా. రాగితో పాటు దాన్నీ పట్టుకుపోతే ఇక కెమెరాలు ఉండి ఏం లాభం? పైన మా ఇంట్లో పాత పుస్తకాల అర వెనక, గాలి ఆడే ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇన్వర్టర్ లైనుకు కలిపాను. నాలుగు కెమెరాలు, డీవీఆర్ కలిపి రాత్రి 34 వాట్లే లాగుతున్నాయి, కాబట్టి కరెంటు పోయినా ఇబ్బంది లేదు.

డిస్కు లెక్క కొనేముందు వేసుకోండి. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తే రోజుకు 21.6 జీబీ. నాలుగింటికి 86.4 జీబీ. 1 టీబీ డిస్కులో 11 రోజులే పడుతుంది. ఒకేసారి 100 మంది, లేదా రోజుకు 500 మంది వచ్చే సంస్థలకు 2013 నాటి ప్రజా భద్రత చట్టం ప్రకారం 30 రోజుల రికార్డింగు ఉండాలి. ఫంక్షన్ హాలో, పెద్ద షోరూమో నడిపేవాళ్లు దీన్ని మర్చిపోవద్దు, పెద్ద డిస్కు కొనక తప్పదు. మా దుకాణాలకు అది వర్తించదు. డాబా, మెట్ల కెమెరాలు కదలిక ఉన్నప్పుడే రాసేటట్టు మార్చాను, 19 రోజులు వస్తోంది. దొంగతనం జరిగిన సంగతి మాకు తెల్లారే తెలుస్తుంది కాబట్టి మాకు అది చాలు.

కెమెరాలు ఇప్పటికే ఉన్నవాళ్లు ఈ రాత్రే చూడాల్సినవి:

1. రాత్రి 2 గంటల రికార్డింగు తెరిచి చూడండి, పగటిది కాదు.
2. మీటరు కర్ర పరీక్ష గేటు దగ్గర, షట్టర్ దగ్గర చేయండి.
3. డీవీఆర్ గడియారం ఫోను టైముతో పోల్చండి. మాది 11 నిమిషాలు వెనక ఉంది.
4. పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చినదే ఉంటే మార్చండి. ఫిట్టింగు చేసినవాళ్ల ఫోనులో మీ కెమెరాలు ఇంకా తెరుచుకుంటున్నాయేమో అడిగి తీయించండి. మాది తెరుచుకుంటోంది.

ఈ దశ ఖర్చు: వైరు 1,440, లెన్సు మార్పు 1,650, డీవీఆర్ పెట్టె, కెమెరా బోను కలిపి 1,100. మొత్తం 4,190.

ఇప్పటివరకు మొత్తం: రూ. 21,940

దశ 3: ఒక రాత్రి బయట నిలబడి చూడటం

ఖర్చు లేని పని. ఇదే మొదటిది కావాల్సింది. రాత్రి ఒంటిగంటకు టార్చి, టేపు, నోట్‌బుక్ పట్టుకొని నేనూ బామ్మర్దీ బిల్డింగు చుట్టూ తిరిగాం. లోపలికి రాగల దారులు తొమ్మిది తేలాయి: షట్టర్లు రెండు, మెట్ల గేటు, మా బాల్కనీ, వెనక వంటింటి కిటికీ, బాత్రూం వెంటిలేటర్లు మూడు, డాబా తలుపు. ఒక్కోదాని ముందు రెండే ప్రశ్నలు. దీన్ని తెరవడానికి ఎంతసేపు పడుతుంది? ఆ చప్పుడు విని మేము కిందికి రావడానికి ఎంతసేపు పడుతుంది?

రెండో దానికి జవాబు కొలిస్తే వచ్చింది: నిద్రలేచి, లైటు వేసి, ఒకరికొకరం ఫోను చేసుకొని, ఇద్దరం కలిసి మెట్లు దిగి రోడ్డు మీదికి రావడానికి 3 నిమిషాల 10 సెకన్లు. మొదటిదాన్ని వెల్డింగ్ మేస్త్రీని అడిగాను. నా షట్టర్ చూసి చెప్పాడు, "అన్నా, గిది నిమిషం పని. నీ తాళం మంచిదే, తాళం జోలికి ఎవడు పోతడు?" డాబా తలుపు అయితే ఇంకా తక్కువ. బాత్రూం వెంటిలేటర్లు 9 అంగుళాలే, వాటికి అడ్డంగా ఊచలు ఉన్నాయి, మనిషి పట్టడు. వాటిని జాబితాలో నుంచి కొట్టేశాం. వంటింటి కిటికీ గ్రిల్లు 10 మి.మీ. ఊచలతో గోడలోకి దిగి ఉంది, దాన్నీ వదిలేశాం.

అప్పటి నుంచి ప్రతి కొనుగోలుకూ ఒకే కొలత పెట్టుకున్నాను. ఆ దారి 3 నిమిషాల 10 సెకన్ల కంటే ఎక్కువ ఆపుతుందా, ఆపేటప్పుడు చప్పుడు అవుతుందా.

దశ 4: షట్టర్లు. ఎక్కువ కష్టం ఇక్కడే

షట్టర్ పట్టీని మైక్రోమీటర్‌తో కొలిచాను. 0.71 మి.మీ. వైండింగ్ తీగ కొనేవాళ్లకు గేజీ లెక్క నోటికి వస్తుంది, 0.71 అంటే 22 గేజీ. పదేళ్ల కిందటి బిల్లు మీద 18 అని రాసి ఉంది, అంటే 1.22 మి.మీ. ఉండాలి. రంగు వేసి ఉంటే చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. కొత్త షట్టర్ చేయించేవాళ్లు రంగు వేయకముందే పోయి కొలుచుకోండి, మైక్రోమీటర్ లేకపోతే ఒక పట్టీ ముక్క తూకం వేయించండి.

అయితే పల్చన ఒక్కటే కారణం కాదు. మా షట్టర్ వెడల్పు 9 అడుగులు, తాళాలు రెండు చివర్లలో. మధ్యలో ఏమీ లేదు. నేను ఒక్కణ్ణే రెండు చేతులతో మధ్యలో లేపితే 2 అంగుళాలు లేచింది. పట్టీలు పక్క ఛానెల్‌లో 15 మి.మీ. మాత్రమే దూరి ఉన్నాయి, మధ్యలో వంగగానే చివర్లు ఛానెల్ నుంచి జారిపోతాయి. దొంగలు తాళాలు ముట్టుకోనే లేదు, అవి రెండూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

షట్టర్ మొత్తం మార్చాలంటే ఒక్కోదానికి 30 వేలు దాటేది. అంత పెట్టలేక ఇట్ల చేశాం:

1. నా షట్టర్ కింది ఆరు పట్టీలు తీసి 18 గేజీవి వేయడం, అడుగున యాంగిల్ పట్టీ మార్చడం: 5,200
2. నా షట్టర్‌కు లోతు ఎక్కువ ఉన్న పక్క ఛానెళ్లు: 3,800
3. రెండు షట్టర్లకూ సెంట్రల్ లాక్, 2 × 2,300: 4,600
4. మధ్యలో నేలకు బిగించే కొండీ, 2 × 700: 1,400
5. గట్టి ఉక్కు తాళాలు 4 × 850: 3,400
6. కూలి: 3,000

ఇందులో రెండు పనులు ఫెయిలయ్యాయి.

మొదటిది నేల కొండీ. గుమ్మం ముందు పరిచింది షాబాద్ బండ. మేస్త్రీ దాని మీదే డ్రిల్ చేసి నాలుగు ఫాస్టనర్లు కొట్టాడు, చూడటానికి రాయిలా ఉంది. నమ్మకం కుదరక గడ్డపార పెట్టి ఒక్కసారి ఎత్తాను, బండ పగిలి కొండీ చేతికి వచ్చింది. బండ ఒకటిన్నర అంగుళం, కింద మట్టి, ఇసుక. ఫాస్టనర్ పట్టుకోవడానికి కాంక్రీటే లేదు. బండ కోసి, 9 అంగుళాల గుంత తీసి, 12 మి.మీ. కడ్డీని తలకిందుల "టీ" ఆకారంలో వంచి కొండీకి వెల్డింగ్ చేసి కాంక్రీటు పోశాం. ఏడు రోజులు తడిపాను. మళ్లీ గడ్డపార పెట్టి ఇద్దరం ఎత్తితే గడ్డపార వంగింది గానీ కొండీ కదల్లేదు. రెండో షట్టర్‌ది మొదటే ఇట్ల వేయించాను. అదనంగా 900. వేసినదాన్ని పీకి చూడండి, మేస్త్రీ ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు.

రెండోది సెంట్రల్ లాక్. చెవి తిప్పితే రెండు పక్కలకూ కడ్డీలు పోయి గోడలోకి దిగాలి. పది రోజులకు కిరాణా షట్టర్ కొంచెం ఒక పక్కకు ఒరిగింది, చెవి మామూలుగానే తిరుగుతోంది, కానీ కుడి కడ్డీ రంధ్రంలోకి 8 మి.మీ. మాత్రమే పోతోంది. లోపల నిలబడి లైటు వేసి చూస్తే గానీ తెలియలేదు. రంధ్రాన్ని నిలువుగా సాగదీసి, కడ్డీ 30 మి.మీ. దిగేటట్టు చేశాం. నెలకు ఒకసారి ఒకరు లోపల ఉండి ఇంకొకరు బయట తిప్పి చూడాలి.

ఇవన్నీ అయ్యాక అసలు చిక్కు మనుషుల దగ్గర వచ్చింది. కిరాణా అన్న పొద్దున అయిదున్నరకు పాల ప్యాకెట్ల కోసం తెరుస్తాడు. పక్క తాళాలు రెండు, సెంట్రల్ లాక్, నేల కొండీ, నాలుగు వేర్వేరు చెవులు. రెండో వారం రాత్రి చూస్తే నేల కొండీకి తాళం లేదు. అడిగితే "పొద్దుగాల్ల చీకట్ల వంగి ఎతుకుడు నాతోని గాదు తమ్మీ, మోకాళ్లు నొస్తయ్" అన్నాడు. ఆయన మాట న్యాయమే. రోజూ వేయలేని తాళం ఎంత గట్టిదైతే ఏం చేసుకోను? పక్క తాళాలు రెండూ తీసేశాం, సెంట్రల్ లాక్ ఉన్నాక వాటి అవసరం తక్కువ. తాళాల దుకాణం వాళ్లను అడిగి, కొండీలకు ఒకే చెవితో తెరుచుకునే తాళాలు మార్పిడి చేసుకున్నా, కొండీని మడిమతో తొక్కితే నేలలోకి మడుచుకునేటట్టు మేస్త్రీతో చేయించాను. ఇప్పుడు తెరవడానికి 35 సెకన్లు. మూడు నెలలుగా ఒక్క రాత్రి కూడా మానలేదు.

ఈ దశ ఖర్చు 22,300.

ఇప్పటివరకు మొత్తం: రూ. 44,240

దశ 5: డాబా తలుపు

పక్క బిల్డింగు మా గోడకు 3 అడుగుల దూరం. వాళ్ల డాబా నుంచి మా డాబాకు ఎవరైనా దాటొచ్చు. అక్కడ మాకు ఉన్నది వానకు ఉబ్బిన ఫ్లష్ డోరు. గొళ్లెం స్క్రూ విప్పి చూస్తే అర అంగుళం. దర్వాజలోకి స్క్రూడ్రైవర్ గుచ్చితే 3 సెం.మీ. దిగింది, లోపలంతా చెదలు. స్క్రూలు పొడవువి వేద్దామనుకున్నవాణ్ణి అక్కడే మానుకున్నాను. చెద తిన్న కొయ్యకు ఎంత పొడవు స్క్రూ వేసినా ఒకటే.

యాంగిల్ ఫ్రేము, 16 గేజీ రేకు తలుపు చేయించాం, 9,800. ఫ్రేమును గోడలోకి ఆరు చోట్ల కాళ్లు దించి సిమెంటు పోయడానికి 1,200. బయట పిడి లేదు, తాళం లేదు, లోపల ఆల్డ్రాప్ ఒకటి, పైన కింద గడెలు రెండు.

తప్పు: తలుపు బయటికి తెరుచుకుంటుంది కాబట్టి బందులు డాబా వైపు వచ్చాయి. బందు పిన్ను బయటికి ఉంటే లోపలి గడెలకు విలువ లేదు. మేస్త్రీని మళ్లీ పిలిచి పిన్నుల తలలు వెల్డింగ్ చేయించి, బందుల వైపు ఫ్రేములోకి దూరే రెండు మొండి కడ్డీలు పెట్టించాను. మొదటి వానకు కింద 12 మి.మీ. సందులోంచి నీళ్లు మెట్ల మీదికి వచ్చాయి, దానికి సిమెంటు గట్టు నేనే కట్టాను.

పిట్టగోడ మీద గాజు పెంకులు పెట్టమని ముగ్గురు చెప్పారు. పెట్టలేదు. అమ్మ అక్కడే వడియాలు ఎండబెడుతుంది, సంక్రాంతికి పిల్లలు పతంగులతో ఆ గోడ దగ్గరే ఉంటారు. కరెంటు తీగ చుట్టమన్నవాళ్లూ ఉన్నారు. ఇంటి కరెంటు తీగకు ఇవ్వడం నేరం, ప్రాణం తీసే పని. మోటార్లతో బతికేవాణ్ణి, కరెంటు ఏం చేస్తుందో కళ్లారా చూసినవాణ్ణి, ఆ మాట మా ఇంట్లో మళ్లీ ఎత్తొద్దన్నాను.

ఇప్పటివరకు మొత్తం: రూ. 55,240

దశ 6: అమ్మ అడిగిన ప్రశ్న

ఇవన్నీ చూసి అమ్మ ఒక రాత్రి అడిగింది, "అన్ని దిక్కుల ఇనుమే పెడితివి. మెట్ల కింద మంట లేస్తే మేమెటు పోవాలె బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. మెట్ల కింద కరెంటు మీటర్లు, ఫ్యూజులు, రెండు పెట్రోలు బండ్లు, టీచర్ గారి ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగు. మెట్ల గేటుకు రాత్రి తాళం. బాల్కనీ మొత్తం గ్రిల్లు, తెరుచుకునే ముక్క లేదు. ఆ మరుసటి రాత్రి లైట్లన్నీ ఆర్పి, టీచర్ గారితో మాట్లాడుకొని, పై అంతస్తు నుంచి రోడ్డు మీదికి అందరం దిగి చూశాం. 2 నిమిషాల 40 సెకన్లు. అందులో నిమిషంన్నర గేటు చెవి వెతకడానికే పోయింది. పొగ ఉంటే ఆ నిమిషంన్నర ఎవరూ తట్టుకోలేరు.

మార్చినవి:

1. రెండు అంతస్తుల బాల్కనీ గ్రిల్లులో 2 అడుగులు × 2.5 అడుగుల ముక్క కోసి బందులతో తెరుచుకునేలా, లోపల తాళం. చెవి లోపలి గోడకు మేకు మీద. బయట నుంచి చెయ్యి పెడితే 75 సెం.మీ. అందుతుంది, అందుకే మేకు 1.5 మీటర్ల దూరంలో. 2 × 1,800 = 3,600
2. మెట్ల గేటుకు లోపల నుంచి చెవి లేకుండా తెరుచుకునే గడె, బయట నుంచి చెయ్యి దూరకుండా దాని చుట్టూ రేకు పెట్టె: 1,600
3. ఏబీసీ పొడి అగ్నిమాపకాలు రెండు, అంతస్తుకు ఒకటి: 3,000
4. ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగు ముందున్న రేకుల కిందికి, మెట్లకు దూరంగా. వైరు పాతదే.

మళ్లీ దిగి చూశాం, 50 సెకన్లు. ఈ పనికి నేను ముందే పూనుకోనందుకు సిగ్గుపడుతున్నా. గ్రిల్లు బిగించే ప్రతివాళ్లూ ఆ రోజే తెరుచుకునే ముక్క పెట్టించాలని చేతులెత్తి అడుగుతున్నా.

ఇప్పటివరకు మొత్తం: రూ. 63,440

దశ 7: లైట్లు

కదలికకు వెలిగే సెన్సర్ లైట్లు రెండు 1,300. మొదటిదాన్ని గల్లీకి ఎదురుగా పెట్టాను. నేరుగా నడిచి వస్తే 2 మీటర్ల దగ్గరికి వచ్చేదాకా వెలగలేదు. ఈ సెన్సర్లు అడ్డంగా దాటే మనిషిని బాగా పడతాయి, ఎదురుగా వచ్చేవాణ్ణి సరిగ్గా పట్టవు. పక్క గోడకు మార్చి 8 అడుగుల ఎత్తులో అడ్డంగా తిప్పితే 6 మీటర్ల నుంచే వెలుగుతోంది.

మే నెలలో మళ్లీ మొరాయించింది. ఇవి చుట్టూ ఉన్న వేడికీ మనిషి ఒంటి వేడికీ ఉన్న తేడాను చూసి పనిచేస్తాయి. మన నల్గొండ ఎండలకు రాత్రి తొమ్మిదింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటే ఆ తేడా ఎక్కడుంది? అందుకని షట్టర్ల పైన 9 వాట్ల ఎల్ఈడీలు రెండు, 700, రాత్రంతా వెలిగేవి పెట్టాను. రెండూ కలిపి నెలకు ఆరున్నర యూనిట్లు. సెన్సర్ లైట్లు వెనక సందుకు పంపించాను. కెమెరా బొమ్మ కూడా ఈ వెలుతురుకు రంగుల్లో వస్తోంది, చొక్కా రంగు తెలుస్తోంది.

ఇప్పటివరకు మొత్తం: రూ. 65,440

దశ 8: చెవులు, ఫోన్లు

మెట్ల గేటు చెవులు ఎన్ని ఉన్నాయో లెక్క పెడదామని కూర్చుంటే పదకొండు. పాత అద్దెవాళ్లవి, పాలతనివి, ఎప్పుడో పెయింటింగ్ చేసినవాళ్లకు ఇచ్చినది. ఏడు దొరికాయి, నాలుగు లేవు. తాళం మార్చేశాను, 1,250. ఇప్పుడు ఆరు చెవులు, ఎవరి దగ్గర ఏ నంబరు ఉందో నోట్‌బుక్‌లో ఉంది.

ఇక ఆ అమావాస్య రాత్రి సంగతి. ఎదురింటి పెద్దాయన షట్టర్ చప్పుడు విన్నాడు. లేచి కిటికీలోంచి చూశాడు కూడా. "కాలిన మోటార్ పట్టుకొని రైతులొచ్చిండ్రేమో, నువ్వే తీసినవనుకున్న" అన్నాడు. నిజమే, సీజన్‌లో రాత్రి పన్నెండింటికి కూడా తెరిచి ఇచ్చిన రోజులు ఉన్నాయి. ఆయనకు ఎట్ల తెలుస్తుంది? మేము ఊళ్లో లేమని కూడా చెప్పి పోలేదు.

అందుకని గల్లీలో ఆరిళ్లు కూర్చొని మాట్లాడుకున్నాం. రాత్రి పదిన్నర నుంచి అయిదు దాకా మా షట్టర్లు ఏ కారణానికైనా తెరవాల్సి వస్తే ముందు ఎదురింటికి ఒక మిస్డ్ కాల్. మిస్డ్ కాల్ లేకుండా చప్పుడైతే మా బిల్డింగువాళ్లకు ఫోన్, ఎవరూ ఎత్తకపోతే పోలీసులకు 112. ఒంటరిగా ఎవరూ బయటికి రావొద్దు. ఊరికి పోతే ఎదురింట్లో, స్టేషన్‌లో చెప్పి పోవాలి. రోడ్డు వైపు కెమెరాను పోలీసుల "నేను సైతం"లో, అంటే జనం పెట్టుకున్న కెమెరాలను పోలీసులతో కలిపే కార్యక్రమంలో, చేర్పించాను.

రికార్డింగు పోలీసులకు ఇవ్వాల్సి వస్తే ఫోనుతో తెరను వీడియో తీసి పంపడం సరిపోదు. డీవీఆర్ నుంచే పెన్‌డ్రైవ్‌లోకి తీయాలి, గడియారం తేడా ఉంటే రాసి ఇవ్వాలి. కోర్టులో సాక్ష్యంగా పనికి రావాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, దాని నమూనాలో ఫైలు హాష్ విలువ (ఫైలును ఎవరూ మార్చలేదని చూపే గుర్తు) కూడా నింపాలి. డిస్కు మీద పాతది చెరిగిపోకముందే తీసుకోవాలి.

ఇప్పటివరకు మొత్తం: రూ. 66,690

మిగిలినవి

- పక్క బిల్డింగుకూ మాకూ మధ్య 3 అడుగుల సందుకు గేటు. వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు, దసరాకు వస్తే మాట్లాడాలి, సగం ఖర్చు నేను పెట్టుకుంటానని చెప్పాను.
- కిరాణా షట్టర్ పట్టీలు ఇంకా 22 గేజీవే. వచ్చే పంట డబ్బులు రైతుల నుంచి వసూలయ్యాక.
- అగ్నిమాపకాల మీటరు ముల్లు ఆకుపచ్చలో ఉందా, నెలకోసారి. ఈ నెల చూశాను, రెండూ బాగున్నాయి.

మొన్న అమావాస్యకు మళ్లీ చెరువుగట్టు పోయాం. ఎదురింట్లో చెప్పి పోయాను. రాత్రి 1:40కి పెద్దాయన ఫోన్ చేశాడు, షట్టర్ దగ్గర మనిషి ఉన్నాడని. గుట్ట మీది నుంచే ఫోనులో కెమెరా తెరిచి చూస్తే త్రిపురారం వైపు నుంచి వచ్చిన ఒక రైతు, మొన్న మోటార్ ఇచ్చి పోయినతను, ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. మోటార్ తయారైందేమో అని లైటు చూసి ఆగాడట. పొద్దున ఏడింటికి వస్తానని చెప్పాను, వచ్చి ఇచ్చాను.